రిపోర్టులో ‘తేలలేదు’ అని ఉంటే మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: అయ్యా, మాది రాజమహేంద్రవరం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 13 ఏళ్లు. స్కూల్లో ఖోఖో ఆడుతూ పరుగులో ఉండగానే పడిపోయింది. అర నిమిషంలో లేచి కూర్చుంది. ఫిట్స్ అనుకుని తలకు స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు. తర్వాత ఈసీజీలో ‘క్యూటీసీ’ 476 వచ్చింది. వారం తర్వాత తీసినా 470 పైనే ఉంది. గుండె డాక్టరుగారు ప్రొప్రనొలాల్ మొదలుపెట్టి, జన్యు పరీక్ష చేయించమన్నారు. కేసీఎన్‌క్యూ1 అనే జన్యువు ఒక కాపీలో మార్పు ఉందని, దాని ప్రాముఖ్యం తేలలేదని రిపోర్టు వచ్చింది. కింద ‘ఆల్ఫామిస్సెన్స్ 0.71, హానికరం కావచ్చు. ఈవ్: అనిశ్చితం’ అని ఉంది. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా మరిది 0.71 అంటే 71 శాతం ప్రమాదమని, గుండెలో మెషిన్ పెట్టించమని ఒకటే ఫోన్లు. మా ఆయనేమో తేలలేదన్నాక మాత్రలెందుకు, ఆపేద్దాం అంటారు. మా ఆయన నాకు మేనమామ కొడుకు. మేనరికం వల్లే ఇదంతా అని అత్తగారి దెప్పులు. పెద్దయ్యాక అమ్మాయిని మా అన్నయ్య కొడుక్కి ఇవ్వాలని ఇంట్లో అనుకుంటున్నారు. తొమ్మిదేళ్ల బాబు కూడా ఉన్నాడు. మా పిన్ని ఒకావిడ పదిహేడేళ్లకే కాలవలో మునిగి పోయింది, ఈత బాగా వచ్చినా. మా ఇంటికి ఏదో శాపం ఉందంటారు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు మాత్ర సంగతి. ప్రొప్రనొలాల్ ఆపకండి. మీవారికి ఈ మొదటి పేరా ఒక్కటి చదివి వినిపించినా చాలు. ఆ మాత్ర జన్యు రిపోర్టు చూసి రాసింది కాదు, రిపోర్టు రాకముందే రాసింది. గుండె డాక్టర్లు 1993 నుంచి వాడుతున్న ష్వార్జ్ స్కోరు అనే లెక్క ఒకటుంది, వేళ్ల మీద వేసేయొచ్చు. క్యూటీసీ (గుండె ఒకసారి కొట్టుకున్నాక తిరిగి సర్దుకునే కాలం, మిల్లీసెకన్లలో) 460–479 మధ్య ఉంటే 2, శ్రమలోనో భయంలోనో ఉండగా పడిపోతే 2. మొత్తం 3.5కు చేరితే లాంగ్ క్యూటీ, అంటే ఆ కాలం సాగిపోయే జబ్బు, ఉండే అవకాశం బాగా ఎక్కువని అర్థం. మీ పాపకు 4. ఒంట్లో పొటాషియం తగ్గడం, వేరే మందుల ప్రభావం లాంటి కారణాలేవీ లేవని చూసుకున్నాకే మీ డాక్టరు మాత్ర రాసి ఉంటారు. పైగా ఈ రకం మాత్రను ఉన్నట్టుండి మానేస్తే గుండె దడ ఒక్కసారిగా పెరుగుతుంది. పాపకు ఆయాసం, ఆస్తమా లాంటివి ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి, మందు మారుస్తారు. మీ అంతట మీరు మానొద్దు.

ఇక ‘తేలలేదు’ అన్న మాట. మీవారు దాన్ని ‘లేదు’ అని చదువుకున్నారు, మీ మరిది ‘ఉంది’ అని. తేలనిది ఆ ఒక్క మార్పు దోషమో కాదో అన్నదే. పాప ఈసీజీ తేలింది. పాప పడిపోవడం తేలింది. రిపోర్టు ఎలా వచ్చినా ఆ రెండూ మారవు.

ధవళేశ్వరం పక్కన పుట్టినవాళ్లకు తూముల గురించి నేను చెప్పనక్కర్లేదు. గుండె కణాల గోడల్లోనూ అలాంటి తూములే ఉంటాయి. సోడియం తూములు తెరుచుకుంటే కణంలో విద్యుత్తు ఉరుకుతుంది. గుండె కొట్టుకున్నాక పొటాషియం తూములు తెరుచుకుని కణాన్ని మళ్లీ మామూలు స్థితికి తెస్తాయి. ఆ తిరిగి సర్దుకునే కాలమే ఈసీజీలో క్యూటీ. తూము సరిగ్గా తెరుచుకోకపోతే ఆ కాలం సాగుతుంది. కేసీఎన్‌క్యూ1 చేసేది అలాంటి ఒక తూము పలకని. నాలుగు పలకలు కలిస్తే ఒక తూము. పరిగెత్తేటప్పుడు, ఈదేటప్పుడు గుండె వేగం పెరుగుతుంది కదా, అప్పుడు ఈ తూము మరింత చురుగ్గా పని చేయాలి. అందుకే ఈ జన్యువు దెబ్బతిన్నవాళ్లు కూర్చున్నప్పుడు బాగానే ఉండి పరుగులోనో నీళ్లలోనో పడిపోతారు. ఒక కాపీ చెడితే సగం పలకలే చెడ్డవి, కానీ నాలుగూ మంచివే పడే అవకాశం 16లో ఒక్కటే. అయితే అన్ని మార్పులూ ఇంత పని చేయవు. కొన్నిట్లో చెడ్డ పలక గోడ దాకా రాకుండా కణం లోపలే ఆగిపోతుంది, అప్పుడు నష్టం సగంతో సరి.

రిపోర్టులోని ఆల్ఫామిస్సెన్స్, ఈవ్ రెండూ జన్యు మార్పు హానికరమో కాదో అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రాములు. ఇప్పుడు ఆ 0.71 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. వెనకటికి కడపలో బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి, ఒకే పద్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూయించేవాడు. అలా చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. రాయసగాళ్లు ఒక మాటకు బదులు ఇంకో మాట పెట్టి ఉంటారు, ఒత్తులు మింగి ఉంటారు, కానీ ఉత్పలమాలలో రెండో అక్షరం, అంటే ప్రాస, ఏ ప్రతిలోనూ చెక్కు చెదరదు. చెదిరితే పద్యం కుంటుతుంది, ఆ తప్పు ఎవరో ఒకరు దిద్దేస్తారు. ‘ఈ అక్షరం ముట్టుకోవద్దు’ అని కవి ఎక్కడా రాయలేదు. ప్రతులే ఆ మాట చెబుతాయి.

మన ప్రొటీన్లకూ అలాంటి ప్రతులున్నాయి. కేసీఎన్‌క్యూ1 ప్రొటీను 676 అమైనో ఆమ్లాల వరస. చేపలో, కప్పలో, కోడిలో, ఎలుకలో దాని ప్రతులు కోట్ల ఏళ్లుగా నకలు అవుతూనే ఉన్నాయి. పొటాషియం తూములో సరిగ్గా పొటాషియాన్నే వడకట్టే ఇరుకు చోటు ఒకటుంది. అక్కడ థ్రియోనిన్, వాలిన్, గ్లైసిన్, టైరోసిన్, గ్లైసిన్ అని ఐదక్షరాలు. మట్టిలోని బాక్టీరియా నుంచి మనిషి దాకా దాదాపు ఇదే వరస. మన కేసీఎన్‌క్యూ1లో వాలిన్ చోట దాని దగ్గరి చుట్టం ఐసోల్యూసిన్ ఉంటుంది, అంతే. ఆ వడపోత ఎలా పని చేస్తుందో రోడరిక్ మెకినాన్ 1998లో బాక్టీరియా తూము బొమ్మను ఎక్స్‌రేలతో పట్టి చూపించి, 2003లో నోబెల్ అందుకున్నారు. అంటే ఆ ఐదింటిలో ఒక గ్లైసిన్ మారిందంటే ప్రాస తప్పినట్టే, దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

చిక్కంతా మిగతా అక్షరాలతో. 2001లో వచ్చిన సిఫ్ట్ లాంటి పాత ప్రోగ్రాములు ఒక్కో చోటును విడివిడిగా చూసేవి: ఇక్కడ ఏ ప్రతిలోనైనా ఈ అక్షరం కనిపించిందా, లేదా? కానీ ప్రాస అలా పని చేయదు కదా. మొదటి పాదంలో ప్రాస మారిస్తే మిగతా మూడు పాదాల్లోనూ మార్చాలి. నాలుగూ మారితే పద్యం బాగానే ఉంటుంది, ఒక్కటే మారితే చెడుతుంది. ప్రొటీనులోనూ దూరంగా ఉన్న అక్షరాలు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. 2021లో హార్వర్డ్‌లో డెబొరా మార్క్స్, ఆక్స్‌ఫర్డ్‌లో యారిన్ గాల్ బృందాలు కలిసి చేసిన ఈవ్ ఈ కట్టుబాటంతటినీ కలిపి నేర్చుకుంటుంది. దానికి రోగుల వివరాలు ఒక్కటి కూడా చూపించలేదు. జీవజాతుల ప్రతులే దాని బడి. 3,200కు పైగా జబ్బు జన్యువుల్లో 3.6 కోట్ల మార్పులకు అది స్కోర్లు ఇచ్చింది. నాకు నచ్చేది ఇదే: డాక్టర్లు ఇదివరకు చేసిన పొరపాట్లను అది కాపీ కొట్టలేదు.

ఆల్ఫామిస్సెన్స్ 2023లో గూగుల్ డీప్‌మైండ్ నుంచి వచ్చింది. ప్రొటీన్ల ఆకారం పట్టే ఆల్ఫాఫోల్డ్ మీద కట్టిందది. మనుషుల్లో, కోతిజాతుల్లో మామూలుగా కనిపించే మార్పులను హాని లేనివాటి కింద లెక్కేసి నేర్చుకుంది. మనిషి ప్రొటీన్లన్నిటిలో ఒక అక్షరం మారితే వచ్చే 7.1 కోట్ల మార్పులకు స్కోరిచ్చి, 32 శాతం హానికరం కావచ్చని, 57 శాతం హాని లేనివి కావచ్చని విడదీసింది. 0.34 లోపు హాని లేనివి, 0.564 దాటితే హానికరం కావచ్చు. మీ పాప 0.71 రెండో గీత దాటింది, నిజమే. కానీ ఆ 71 ‘ఈ మార్పు తూమును పాడుచేసే రకమా’ అన్న ప్రశ్నకు జవాబు. ‘ఈ అమ్మాయి గుండె ఆగుతుందా’ అన్నది వేరే ప్రశ్న, అది దాన్ని ఎవరూ అడగలేదు. మీ మరిది మంచి ప్రోగ్రామరే అయ్యుంటారు. ప్రోగ్రాము దేనికి జవాబిస్తోందో చూడకుండా జవాబు చదివారు, అంతే. ఈ పొరపాటు నేనూ చేశాను, ఉద్యోగం మొదట్లో, జీతం తీసుకుంటూ.

మరి ఈవ్ ఎందుకు తేల్చలేదు? మీరు రాసిన స్థానం చూశాను (ఇక్కడ అచ్చు వేయడం లేదు). అది వడపోత చోటు కాదు, విద్యుత్తును పసిగట్టే చోటూ కాదు. కణం లోపలికి వేలాడే తోకలో ఉంది. దూరపు జంతువుల ప్రతులతో పోల్చబోతే ఆ తోకలో కొన్ని ముక్కలు సరిగా అతకవు. ప్రతుల్లో చెదలు తిన్న మూల లాంటిది. అక్కడ ప్రాస ఉందో లేదో ఎవరు చెప్పగలరు? తెలియదని ఈవ్ ఒప్పుకుంది. నా మట్టుకు నాకు అది తప్పుగా అనిపించదు.

ఇంకో సంగతి ఈ స్కోర్లకు అసలు అందదు. తూము పాడవడం రెండు రకాలు: తెరుచుకోకపోవడం, మూసుకోకపోవడం. రెండిటికీ స్కోరు ఒకేలా ‘హానికరం’ అనే వస్తుంది. గుండెలోని సోడియం తూము జన్యువు ఎస్‌సీఎన్5ఏలో తూము మూసుకోవడం ఆలస్యమైతే ఒక రకం లాంగ్ క్యూటీ, పని తగ్గితే బ్రుగాడా అనే వేరే జబ్బు. మెదడు తూముల్లో ఈ తేడా మందునే మార్చేస్తుంది. ఎస్‌సీఎన్1ఏ పని తగ్గిన డ్రావే మూర్ఛ పిల్లలకు కార్బమజెపీన్ ఇస్తే ఫిట్స్ పెరుగుతాయి. ఎస్‌సీఎన్8ఏ పని ఎక్కువైన పిల్లలకు అదే రకం మందు మేలు చేయొచ్చు. ఏ వైపు చెడిందో ఊహించే ప్రోగ్రాములు 2020 నుంచి వస్తున్నాయి, కానీ అసలు తీర్పు ప్రయోగశాలలో ఆ తూమును కణంలో పెట్టి, సన్నని గాజు గొట్టంతో విద్యుత్తు కొలిచే ప్యాచ్ క్లాంప్ పరీక్షదే. కేసీఎన్‌క్యూ1 కూడా రెండు వైపులా చెడగలదు. పని తగ్గితే క్యూటీ సాగుతుంది, ఎక్కువైతే కుంచించుకుపోతుంది. పాప ఈసీజీలో సాగింది కాబట్టి మార్పు నిజంగా దోషమే అయితే ఏ వైపుదో మనకు తెలిసినట్టే. ఇక్కడా దారి చూపింది ఈసీజీయే.

ల్యాబ్ వాళ్లు 0.71 చూసి కూడా ‘తేలలేదు’ అని రాయడం చేతకాక కాదు. 2015 నాటి అమెరికా మార్గదర్శకాలను చాలా ల్యాబ్‌లు పాటిస్తాయి. వాటిలో కంప్యూటర్ అంచనా అన్నిటికంటే చిన్న సాక్ష్యం. కోర్టులో పక్కింటివాడు ‘నేననుకోవడం’ అని చెప్పినట్టు. 2022లో లెక్కలు మళ్లీ కట్టాక కొన్ని ప్రోగ్రాముల పెద్ద స్కోర్లకు ఇంకాస్త బరువు ఇవ్వొచ్చన్నారు. అయినా అది ఒక్కటే ఉంటే ఏ మార్పునూ దోషి అనరు.

అనకూడదు కూడా, ముఖ్యంగా మన దగ్గర. ఒక మార్పు చాలా అరుదు అన్నదీ సాక్ష్యమే, కానీ అరుదని చెప్పే పట్టికల్లో చాలాకాలం యూరప్ మూలాలవాళ్లదే పెద్ద వాటా. అక్కడ కనపడనిది కోనసీమలో ఇంటికొకటి ఉండొచ్చు. సీఎస్ఐఆర్ వాళ్లు 1,029 మంది భారతీయుల జన్యుక్రమాలు బయటపెట్టారు. జీనోమ్ ఇండియా అనే ప్రాజెక్టులో సుమారు పదివేల మందివి చదివారు, హైదరాబాద్‌లోని మన సీసీఎంబీ పరిశోధన సంస్థ కూడా అందులో ఉంది. మీ ల్యాబ్‌కు ఈమెయిల్ పెట్టి, భారతీయుల డేటాలో ఈ మార్పు ఎందరిలో ఉందో చూశారా అని అడగండి. లాంగ్ క్యూటీ దాదాపు రెండువేల మందిలో ఒకరికి ఉంటుంది. అంతకన్నా ఎక్కువమందిలో ఈ మార్పు కనిపిస్తే దాని మీద అనుమానం తగ్గుతుంది.

ఇక మీరు ఉత్తరం చివర, శాపం అని తోసేసిన ఆ ఒక్క వాక్యం. నన్ను కుదిపింది 0.71 కాదమ్మా, మీ పిన్ని. ఈత బాగా వచ్చిన పదిహేడేళ్ల పిల్ల కాలవలో మునిగిపోయిందంటే, ఈ జన్యువు గురించి తెలిసిన ఏ డాక్టరైనా కుర్చీలో ముందుకు జరుగుతాడు. ఈ రకం లాంగ్ క్యూటీ ఈతలోనే ఎక్కువగా బయటపడుతుంది. అప్పట్లో ఈసీజీ తీసినవాళ్లు లేరు కాబట్టి ఖాయంగా చెప్పలేం. కానీ ఈ విషయం మీ డాక్టరుగారికి చెప్పారా? చెప్పి ఉండరనిపిస్తోంది.

చుట్టరికం ఒకసారి సరిచూసుకోండి. మీ పిన్ని అంటే మీ అమ్మకు చెల్లెలు. మీవారు మీ మేనమామ కొడుకు కాబట్టి ఆవిడ మీ మామగారికీ తోబుట్టువే. మీ పిన్నిలో ఆ మార్పు ఉండి ఉంటే అది ఆవిడ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉండాలి. అప్పుడు అది మీ అమ్మలో ఉండే అవకాశం సగం, మీ మామగారిలో ఉండే అవకాశమూ సగం. అంటే పాపకు అది మీ నుంచైనా రావచ్చు, మాత్ర ఆపమంటున్న మీవారి నుంచైనా రావచ్చు. ఏ లక్షణం లేకపోయినా సరే. లాంగ్ క్యూటీ జన్యుదోషం మోసేవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి మామూలు ఈసీజీలో క్యూటీ మామూలుగానే కనిపిస్తుంది.

అందుకని చేయాల్సింది ఇది. మీరు, మీవారు, బాబు ముగ్గురూ ఈసీజీ తీయించుకోండి. బాబుకు డాక్టరు ట్రెడ్‌మిల్ మీద కూడా చూడాలనొచ్చు. తర్వాత ఈ ఒక్క మార్పు కోసమే మీ ఇద్దరి రక్తం పరీక్షించమని ల్యాబ్‌ను అడగండి. చాలా ల్యాబ్‌లు దీన్ని తక్కువ ఖర్చుతో, ఒక్కోసారి ఉచితంగా చేస్తాయి. బంధువుల్లో క్యూటీ సాగినవాళ్లందరిలో ఈ మార్పు ఉండి, సాగనివాళ్లలో లేదని తేలితే ల్యాబ్ తన తీర్పు మార్చగలదు. ఏ ప్రోగ్రాము స్కోరూ ఇవ్వలేని సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది. తేలేదాకా బాబుకు జన్యు పరీక్ష తొందర లేదు, తేలని మార్పు చూపించి ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడిని రోగిని చేయకూడదు. కౌన్సెలింగ్‌కు హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు మూడు తరాల వంశవృక్షం కాగితం మీద గీసుకుని వెళ్లండి, పిన్ని పేరు పక్కన వయసు, ఎలా పోయిందో రాసి.

అత్తగారికి ఒక మాట. పాపలో మార్పు ఒక్క కాపీలోనే ఉంది. ఈ జబ్బుకు ఒక్క కాపీ చాలు, అది అమ్మానాన్నల్లో ఎవరి నుంచైనా వస్తుంది, మేనరికంతో పని లేదు. కాబట్టి ఆ నింద మీరు మోయక్కర్లేదు. కానీ రెండు కాపీలూ చెడితే వచ్చే జబ్బు వేరే ఉంది. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగె-నీల్సన్ అనే డాక్టర్లు ఒకే ఇంట్లో పుట్టుచెవుడుతో ఉండి, మాటిమాటికీ పడిపోతూ చనిపోయిన పిల్లల గురించి రాశారు. లోచెవిలోనూ ఈ తూమే పని చేయాలి మరి. మీ అమ్మ వైపు నుంచి ఇది వచ్చి ఉంటే మీ అన్నయ్యలోనూ, ఆయన కొడుకులోనూ ఉండొచ్చు. ఇద్దరిలోనూ ఉండి పెళ్లి చేస్తే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఆ ప్రమాదం. పదమూడేళ్ల పిల్లకు పెళ్లి మాటలు ఇప్పుడెందుకో నాకు అర్థం కాలేదు, అది వేరే సంగతి. ఆ సంబంధం మాట మాత్రం పక్కన పెట్టించండి.

మెషిన్ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేసేది) గురించి: గుండె ఒకసారి ఆగి బతికినవాళ్లకు, మాత్ర సరిగ్గా వాడుతున్నా మళ్లీ పడిపోయేవాళ్లకు డాక్టర్లు దాని గురించి ఆలోచిస్తారు. స్కోరు చూసి పెట్టరు. అంతకన్నా ముందు జాగ్రత్తలు వేరే ఉన్నాయి. గోదావరిలో, కాలవలో, చెరువులో ఈత వద్దు, పుష్కర స్నానమైనా గట్టు మీద చెంబుతోనే. ఆటలు ఏవి, ఎంతవరకు అన్నది డాక్టరు చెబుతారు, అన్నీ మాన్పించొద్దు. దగ్గుకు రాసే అజిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఆండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ క్యూటీని ఇంకా సాగదీస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందులే ఇవన్నీ. ‘లాంగ్ క్యూటీ ఉంది’ అని ఒక చీటీ రాసి పాప స్కూలు బ్యాగులో, మీ పర్సులో పెట్టండి, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అదే చూపించండి. విరేచనాలు పట్టుకుంటే పొటాషియం పడిపోతుంది, ఓఆర్ఎస్ వెంటనే మొదలుపెట్టి ఆసుపత్రికి వెళ్లండి. స్కూల్లో పీఈటీ మాస్టారికి చెప్పి ఉంచండి: పాప పడిపోయి ఊపిరి తీయకపోతే నీళ్లు చల్లుతూ కూర్చోకుండా ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఏడాదికోసారి ల్యాబ్‌కు రాసి, తీర్పు ఏమైనా మారిందా అని అడుగుతూ ఉండండి. తేలని మార్పుల్లో కొన్ని అటో ఇటో తేలుతూనే ఉంటాయి.

అన్నట్టు, మీ మరిది మీ మామగారి కొడుకే కదా. మునిగిపోయిన ఆవిడ ఆయనకు మేనత్త. ఈసారి డల్లాస్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు స్కోర్ల సంగతి పక్కన పెట్టి, ముందు ఆయన్ని ఒక ఈసీజీ తీయించుకుని ఆ కాగితం ఫొటో పంపమనండి.